వియ్యపురాలి విసనకర్ర

నా కూతురి సీమంతం రోజున మా వియ్యపురాలు అన్న మాట నేను ఇప్పటికీ పొల్లుపోకుండా చెప్పగలను. గాజులు తొడగడం అయిపోయింది. పేరంటాళ్ళంతా వరసగా కూర్చుని పులిహోర తింటున్నారు. ఆవిడ నా విస్తట్లో ఇంకో గరిటె వడ్డిస్తూ, అందరికీ వినపడేలా, ఎంతో ప్రేమగా అంది.

"వదినగారూ, పురుడు మాత్రం ఇక్కడ మా ఇంట్లోనే పోసేద్దామండీ. మీకెందుకు శ్రమ. మే నెలలో మీ ఇంట్లో కరెంటు ఎక్కడ ఉంటుంది చెప్పండి. పసిగుడ్డుకి ఒళ్ళంతా చెమటకాయలు లేచిపోతాయి."

పేరంటాళ్ళు పులిహోర నములుతూ తలలూపారు. ఒకావిడ "నిజమేనండీ, బస్తీలో పాపం చాలా కష్టం" అంది. ఆ పాపం అన్నావిడ మా ఇంటి నుంచి పట్టుకెళ్ళిన ఇడ్లీ పాత్ర అప్పటికి రెండు సంక్రాంతులు దాటినా వాళ్ళింట్లోనే ఉంది. నా కూతురు తల వంచుకుని కొత్త గాజులు సర్దుకుంటోంది. దాని మొహం చూశాను. అది తల ఎత్తలేదు.

తొలి పురుడు పుట్టింట్లో పోయడం మా వైపు ఆచారం. దాన్ని ఆచారం అని తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. నా తొలి కానుపుకి నేను ఈ బస్తరు నుంచి పాసింజరు బండిలో, ఆ సొరంగాలన్నీ దాటుకుంటూ, విజయనగరం వెళ్ళాను. మా అమ్మ నాకు కాచిన వేడినీళ్ళు, పెట్టిన కారప్పొడి అన్నం, రాత్రి బిడ్డ ఏడిస్తే నన్ను లేపకుండా తనే ఎత్తుకుని తిరగడం, ఇవన్నీ నాకు ఒక అప్పులా మిగిలాయి. ఆ అప్పు మా అమ్మకి తీర్చేది కాదు. నా కూతురికి తీర్చేది. దాన్ని ఒక గరిటె పులిహోరతో ఆవిడ లాగేసుకుంది.

ఈ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఎదురుగా ఎర్రటి ఇనప కొండ. కొండ మీద గని. కొండ కింద కంచె వేసిన టౌన్‌షిప్. కంచె బయట మా బస్తీ. మా ఆయన ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కొండ మీద ఖనిజం మోసే డంపరు నడిపారు, మేం కంచె లోపలే ఉన్నాం. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి కదా. కూతుర్ని ఇదే టౌన్‌షిప్‌లో, గనిలో పనిచేసే కుర్రాడికే ఇచ్చాం కనక ఊరు వదిలి వెళ్ళలేక కంచె బయట ఒక డాబా ఇల్లు కట్టుకున్నాం. క్వార్టరు ఖాళీ చేసిన రోజున మా సామాను ఇంకా లారీ ఎక్కకుండానే పక్కింటావిడ వచ్చి, "కర్టెను కడ్డీలు వదిలేసి వెళ్తారా" అని అడిగింది. పాతికేళ్ళ స్నేహం మాది.

టౌన్‌షిప్‌లో కరెంటు పోదు. వీధి దీపాలు పగలు కూడా వెలుగుతూనే ఉంటాయి, ఆర్పే తీరిక ఎవరికీ ఉండదు. ఆ దీపాలు మా అరుగు మీంచి కనిపిస్తాయి. మా బస్తీలో మాత్రం ఎండాకాలం వచ్చిందంటే పొద్దున్న పోయిన కరెంటు ఏ సాయంత్రానికో వస్తుంది. నేను చాలాసార్లు కరెంటాఫీసుకి వెళ్ళి అడిగాను. అక్కడ కూర్చునే ఆయనకి ఒకటే జవాబు.

"ఆంధీ ఆయా థా, మాతాజీ."

"ఏం గాలివాన బాబూ? మా పెరట్లో అరటాకు కూడా కదల్లేదు," అని నేను నాకొచ్చిన హిందీలో అంటే, "ఉధర్ ఆయా థా" అని కొండ వైపు చెయ్యి చూపించేవాడు. గాలివాన ఎప్పుడూ అటే వచ్చేది, కరెంటు ఎప్పుడూ ఇటే పోయేది.

సీమంతం నుంచి ఆటోలో తిరిగి వస్తుంటే నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది ఒక పెళ్ళికి పక్క జిల్లా బీజాపూర్ వెళ్తుంటే గీదం ఊరు దాటాక దారిలో బస్సు టైరు పేలింది. దిగి నీడ కోసం పక్కనున్న చిన్న గూడెంలోకి వెళ్ళాం. ఆ గూడేనికి కరెంటు స్తంభం లేదు, తీగ లేదు. కానీ మధ్యలో ఎత్తయిన ఇనప స్టాండు మీద నీళ్ళ ట్యాంకు, దాని నెత్తిన నీలం పలకలు. కింద కుళాయిలో నీళ్ళు ధారగా పడుతున్నాయి. మోటారు ఎక్కడుందని అడిగితే బిందె పట్టుకున్న ఒకామె గోండిలో ఏదో చెప్పింది. బస్సు కండక్టరు దాన్ని మాకు తెలుగులో చెప్పాడు. "ఎండ తోడుతోంది అంటోందమ్మా."

"మనం డాబా మీద సోలారు పెట్టిద్దాం," అన్నాను ఆటోలో.

మా ఆయన నవ్వారు. "ఏటే, అంత కంపెనీ వాళ్ళే పెట్టుకోలేదు, నువ్వు పెట్టిస్తావా?"

"వాళ్ళకేటి అవసరం? వాళ్ళకి కరెంటు పోదు కదా."

"వియ్యపురాలి మీద కోపం వస్తే ఎవరన్నా రెండు రోజులు మాటలు మానేస్తారు. సూర్యుడ్ని ఇంటికి తెచ్చుకుంటారేటి?"

"నేను తెచ్చుకుంటాను."

ఆటో అబ్బాయి అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. వాడి ఆటో మళ్ళీ ఎక్కలేదు.

డబ్బు సంగతి ఇక్కడ రాయను. అది మా ఇద్దరి మధ్య జరిగిన యుద్ధం, గెలిచింది నేను. గీదంలో సోలారు సామాను అమ్మే దుకాణం ఒకటి ఉందని తెలుసుకుని కబురు పెట్టాను. దుకాణం అతనిది భోపాలపట్నం వైపు, తెలుగువాడే. వస్తూనే నన్ను "పెద్దమ్మా" అన్నాడు. అతని జుట్టు నా జుట్టు కంటే తెల్లగా ఉంది. పని కావాలి కనక ఊరుకున్నాను.

మెట్లెక్కి డాబా అంతా కలియదిరిగి వచ్చి అరుగు మీద కూర్చుని నీళ్ళు తాగాడు.

"మంచి డాబా పెద్దమ్మా. చెట్టు నీడ లేదు, గోడ నీడ లేదు. గీ ఎండకు మీ ఇల్లే గాదు, పక్కిల్లు గూడ నడుస్తది. ఈ ఊళ్ళె ఏ ఇంటి మీద జూసినా ఎండ ఊరికె పోతున్నది."

ఆ మాట నాకు నచ్చింది. ఈ ఎండని నేను ఎన్నేళ్ళు తిట్టానో. ఆరేసిన చీరల రంగులు తినేసింది, పెరట్లో మల్లె అంట్లు మాడ్చేసింది, మా ఆయన మొహాన్ని కొండ రాయిలా చేసింది. స్లాబు మీద కాగి కాగి పొద్దుగూకాక కూడా ఇంట్లోకి దిగేది. రోజూ మా నెత్తిన పడుతున్న ఇంత సరుకుని మేం సరుకని తెలియక తిడుతూ కూర్చున్నాం. కొండ లోపల ఉన్నదాన్ని మాత్రం తవ్వి రైలెక్కించి సముద్రం దాటించారు. కొండ పైన పడేదాన్ని ఎవరూ అడగలేదు.

మధ్య గది పైకి వచ్చేలా పలకలు బిగించారు. ఆ గది నేనే చెప్పాను. పురిటి మంచం వెయ్యడానికి నేను అనుకున్న గది అదే. దక్షిణానికి కొంచెం వాలుగా, నడుం ఎత్తులో, నీలంగా మెరుస్తూ అవి నిలబడ్డాయి. వరండా మూలన బ్యాటరీలు, గోడకి ఒక పెట్టె. ఫ్యాను, లైట్లు వాటికి కలిపారు. వెళ్ళేటప్పుడు అతను, "నీడ పడనియ్యద్దు. ఎర్ర దుమ్ము పేరుకుంటే తడిబట్టతోని తుడవాలె. అంతే," అని చెప్పి వెళ్ళాడు. అంతే అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోమని చదివేవాళ్ళని కోరుతున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం వీధంతా కరెంటు పోయింది. అన్ని ఇళ్ళలోంచీ మనుషులు అరుగుల మీదకి వచ్చి పడ్డారు. నేను మా వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, కర్టెను పైకి ముడివేసి, తిరుగుతున్న ఫ్యాను కింద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీశాను. అవి తియ్యడానికి సాధారణంగా నాకు అంత సేపు పట్టదు. వీధి చివరి ఇంటివాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళేదాకా తీశాను.

కూతురికి ఫోను చేశాను.

"ఫ్యాను తిరుగుతోందా అమ్మా? నిజంగా?" గొంతు బాగా తగ్గించి అడిగింది. పక్కన అత్తగారు ఉన్నారన్నమాట. ఆ అడగడంలోనే దానికి ఎక్కడ ఉండాలని ఉందో నాకు తెలిసింది.

"తిరుగుతోంది. వినపడేలా పెట్టనా?"

ఫోను పైకెత్తి ఫ్యాను చప్పుడు వినిపించాను.

వియ్యపురాలికి కబురు చేరింది. "ఎండలు ముదరనివ్వండి వదినగారూ, ఒకరోజు నేనే వచ్చి మధ్యాహ్నం పూట కూర్చుని చూస్తాను. పిల్లకి అనుకూలంగా ఉంటే అప్పుడు ఆలోచిద్దాం," అంది. సంతలో మేకపిల్లని కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు చూస్తారు. నా ఇంటికి ఆవిడ అలా వస్తానంది. రమ్మన్నాను.

అక్కడి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. మొదటి వారం అంతా తెల్లారేదాకా తిరిగిన ఫ్యాను తర్వాత తర్వాత అర్ధరాత్రికే నీరసపడిపోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత దీపాలు పెట్టే వేళకే. నా మోకాళ్ళకి మెట్లు పనికిరావని డాక్టరు చెప్పడంతో డాబా చూసే పని మా ఆయనకి అప్పగించాను. ఆయన పొద్దున్నే లేచి పైకి వెళ్ళి, పలకలు తుడిచి, దిగి వచ్చి, "అద్దాల్లా ఉన్నాయి" అని చెప్పి టీ కొట్టుకి వెళ్ళిపోయేవారు.

గీదం అతనికి ఫోను చేశాను. మళ్ళీ చేశాను. మూడోసారికి అతను దుకాణం కట్టేశాక, చీకటి పడే వేళకి మోటారు సైకిలు మీద వచ్చాడు. పైకెక్కి చూశాడు, బ్యాటరీలు చూశాడు, తీగలన్నీ లాగి చూశాడు.

"అన్ని మంచిగున్నయి పెద్దమ్మా. మీరేమన్న హీటర్ గిట్ల పెడుతున్నరా?"

"ఈ ఎండల్లో హీటరెందుకు నాయనా, చలి కాచుకోడానికా?"

"మరి సామాన్లైతే ఏం ఖరాబు లేదు."

"అయితే సూర్యుడు ఖరాబయ్యాడా?"

అతను తల గోక్కుని వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ పిలిచాను. మళ్ళీ చీకటి వేళకే వచ్చాడు, మళ్ళీ అన్నీ మంచిగున్నయి అన్నాడు. ఈలోగా వియ్యపురాలు వచ్చే రోజు వచ్చేసింది.

ఆవిడ మా అల్లుడి కారులో, నిండు నెలలకి దగ్గరపడుతున్న నా కూతురితో కలిసి, పొద్దు నడినెత్తికి వస్తుండగా దిగింది. కావాలనే ఆ వేళ ఎంచుకుంది. మధ్య గదిలో పట్టెమంచం మీద చాప వేసి కూర్చోబెట్టాను. వీధిలో కరెంటు పొద్దున్నే పోయి ఉంది, నాకు కావలసిందీ అదే. ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ పైకి చూసింది, గోడలు చూసింది, మంచం కింద కూడా చూసింది. నేను మజ్జిగ గ్లాసు అందించాను. ఆవిడ ఒక గుక్క తాగింది. అప్పుడు గోడ మీది పెట్టె పిట్టలా కుయ్యిమంది. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటిగా కళ్ళకి కనపడటం మొదలుపెట్టాయి. తర్వాత ఆగిపోయింది.

నా కూతురు నా వైపు చూడకుండా గోడ వైపు చూసింది. ఆవిడ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, తన చేతిసంచి విప్పి, అందులోంచి తాటాకు విసనకర్ర ఒకటి తీసింది. చుట్టూ ఎర్ర గుడ్డ అంచు కుట్టిన విసనకర్ర. ఇంటి దగ్గరి నుంచే తెచ్చుకుంది.

"పరవాలేదు వదినగారూ. ఎందుకైనా మంచిదని ఊరికే తెచ్చాను," అంటూ విసురుకోవడం మొదలుపెట్టింది. మధ్యలో నా కూతురికి కూడా రెండు విసుర్లు విసిరింది. జాలిగా.

నా జీవితంలో చాలామంది చాలా అన్నారు, అన్నీ గుర్తున్నాయి. కానీ ఏమీ అనకుండా అంత మాట అన్నవాళ్ళు ఇంకొకరు లేరు.

నేను లేచి పెరట్లోకి వెళ్ళి మెట్లెక్కడం మొదలుపెట్టాను. వెనక నుంచి మా ఆయన, "ఎక్కడికే, మోకాళ్ళు" అంటున్నారు. ఎక్కాను. ఒక్కో మెట్టుకీ గీదం అతన్ని తలుచుకుంటూ ఎక్కాను. సగం మెట్లలో ఉండగానే ముక్కుకి తియ్యటి మత్తు వాసన తగిలింది. ఇప్పపువ్వు వాసన.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వీధిలో మాదొక్కటే స్లాబు ఇల్లు, తక్కినవన్నీ పెంకుటిళ్ళు. అందుకని ఇప్పపువ్వు రాలే రోజుల్లో వీధి ఆడవాళ్ళంతా అడవిలో ఏరుకొచ్చిన పువ్వు మా డాబా మీదే ఎండబెట్టుకుంటారు. మెట్లు పెరట్లో నుంచి ఉండటం వల్ల ఎవరూ ఎవర్నీ అడిగే పని లేదు. పొద్దెక్కాక వచ్చి పోస్తారు, పొద్దు వాలకముందే ఎత్తి తీసుకుపోతారు. ఇల్లు కట్టిన నాటి నుంచీ అంతే. పలకలు బిగించాక పక్కింటి దోర్ల తెగ ఆమె, "పైకి పోవచ్చునా అక్కా?" అని అడిగింది కూడా. "ఎప్పట్లాగే పొండి" అన్నాను.

ఎప్పట్లాగే వచ్చారు. డాబా నేల అంతా ఖాళీగా ఉంది. నా పలకల మీద మాత్రం, ఒక్కటి కూడా వదలకుండా, పాత చీరలు పరిచి, చెంగులు ఇనప కాళ్ళకి ముడివేసి, వాటి మీద ఇప్పపువ్వు పలచగా పోసి ఉంది. పక్కింటామె, ఆమె తోటికోడలు చెరో వైపు నిలబడి పువ్వుని చేత్తో తిరగేస్తున్నారు.

"ఏందక్కా, నువ్వెందుకెక్కినవ్? మోకాలు నొయ్యదా?" అంది ఆమె.

"ఇదేంటి?"

"ఇప్పపువ్వు."

"అది నాకూ తెలుసు. దీని మీద ఎందుకు పోశారు?"

"నువ్వు మంచి మంచెలు ఏయించినవ్ గదా మాకోసం. కింద పోస్తే మట్టి అంటుద్ది, కుక్కలు తొక్కుతయ్. దీని మీద ఒక్క పూటకే గలగల ఎండుతున్నయ్. అక్క మనసు పెద్దదని వాడంతా అనుకుంటున్నం."

తోటికోడలు కూడా అవునని తలూపింది. పైన ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ ఎండంతా చీరల మీద పడి, పువ్వులో ఇంకిపోయి, నా వియ్యపురాలి దాకా చేరకుండా ఆగిపోయింది. మా ఆయన తెల్లవారుజామున ఎక్కితే అద్దాల్లా ఉన్నాయి. గీదం అతను చీకట్లో ఎక్కితే మంచిగున్నాయి. మధ్యలో రోజంతా మా పలకలు పువ్వు ఎండబెడుతూ కూర్చున్నాయి.

"ఇవి మంచెలు కావు తల్లీ," అన్నాను మెట్టు మీద కూలబడి. "ఇవి ఎండ తాగితేనే కింద ఫ్యాను తిరుగుతుంది. ఇప్పుడు కింద మా వియ్యపురాలు విసనకర్రతో విసురుకుంటోంది. నా కూతురి పురుడు నా చేతిలోంచి జారిపోయేలా ఉంది."

ఆమెకి ముందు మాటలు అర్థమయ్యాయో లేదో కానీ చివరిది వెంటనే అర్థమయింది. చీర కొంగు నడుముకి దోపింది. ఇద్దరూ కలిసి చీరల ముడులు విప్పి, పువ్వుతో సహా మూటల్లా ఎత్తి, అవతలి వైపు నేల మీదకి దించారు. అంటుకున్న జిగురుని ఆమె తడిగుడ్డతో తుడిచింది. పలకలు ఒక్కొక్కటీ నీలంగా బయటపడ్డాయి.

"మరి ముందే చెప్పలేదేందక్కా?" అంది తుడుస్తూనే.

"నాకు ఆ గీదం అతను చెప్పలేదు," అన్నాను.

ఇప్పటికీ నా మాట అదే. చెట్టు నీడ అన్నాడు, గోడ నీడ అన్నాడు, ఎర్ర దుమ్ము అన్నాడు. బస్తరులో డాబా మీద పెట్టే సామాను అమ్ముతూ ఇప్పపువ్వు సంగతి ఎత్తని మనిషిని ఏమనాలి? ఆ తర్వాత నేను ఫోను చేసి ఇదంతా చెబితే అతను చాలాసేపు నవ్వి, "తప్పు నాదే పెద్దమ్మా" అన్నాడు. ఇప్పుడు ఏ ఇంట్లో పలకలు బిగించినా ముందు ఇప్పపువ్వు గురించి హెచ్చరించాకే నిచ్చెన దిగుతాడని అతని దగ్గర కొన్నవాళ్ళు నాకు చెప్పారు. పెద్దమ్మా అనడం మాత్రం మానలేదు.

నేను మెట్ల మీద ఉండగానే కింద నుంచి మా ఆయన గొంతు వినిపించింది. "తిరుగుతోందే. దిగి రా."

దిగి వచ్చాను. నడినెత్తి ఎండ మొత్తం నా ఇంట్లోకి వచ్చింది. ఫ్యాను ఊపందుకుని గుమ్మం కర్టెను అంచులు లేపుతోంది. వియ్యపురాలు విసనకర్ర పక్కన పెట్టి పైకి చూస్తోంది.

"ఏమైంది వదినగారూ?"

"ఏమీ లేదు. పైన కొంచెం అడ్డం వచ్చింది, తీయించాను. రండి, భోంచేద్దాం."

ఆ పూట నేను ముక్కల పులుసు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, పెరుగు వడలు చేశాను. ఆవిడ మొహమాటం లేకుండా తింది. తిన్నాక మంచం మీద కూర్చుని, తనకి పగటి నిద్ర అలవాటు లేదని, కొండ మీద పేలుళ్ళ వల్ల టౌన్‌షిప్‌లో ఎప్పుడూ కునుకు పట్టదని చెబుతూ గోడకి ఆనుకుంది. చెబుతూ చెబుతూ కొంచెం జారింది. ఒక మాట మధ్యలో ఆగిపోయింది.

నేను నా కూతురికి మాట్లాడవద్దని సైగ చేశాను. మధ్యాహ్నం కొండ మీద పేల్చారు. మా వంటింట్లో గిన్నెలు ఎప్పట్లాగే గలగలమన్నాయి, కిటికీ అద్దాలు అదిరాయి. ఆవిడ కదల్లేదు. గుర్రు మొదలైంది. పక్కింటామె మూటలు ఎత్తుకుని వెళ్తూ గుమ్మంలోంచి తొంగి చూసి, "మీ వదిన గుర్రు కొండెక్కే డంపరు లెక్క ఉన్నది" అంది. మా ఆయన, "కాదు, లోడు బండి. ఖాళీ బండి చప్పుడు వేరు," అన్నారు. నా కూతురు నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. సీమంతం నాటి నుంచి అది నవ్వగా నేను అదే చూడటం.

ఆవిడ లేచేసరికి వీధిలో నీడలు ఎదురింటి అరుగెక్కాయి. చెంప మీద చాప అచ్చు పడి ఉంది.

"నిద్రేం పోలేదండీ, ఊరికే కళ్ళు మూసుకున్నాను."

"అవునండీ," అన్నాను. "కాఫీ తాగుతారా?"

కాఫీ తాగుతూ ఆవిడ అరచెయ్యి గోడకి ఆనించి చూసింది. తర్వాత రెండో చెయ్యి కూడా పెట్టింది. "మీ గోడ చల్లగా ఉందేమిటండీ? మా క్వార్టర్లో ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది కానీ పొయ్యి మీది గాలి కొట్టినట్టే ఉంటుంది."

అప్పటిదాకా నాకూ ఆ సంగతి తట్టలేదు. కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. స్లాబు మీద పడాల్సిన ఎండని పలకలు పట్టుకుంటున్నాయి. వాటి నీడ స్లాబు మీద పడి స్లాబు కాగడం మానేసింది. ఫ్యాను తిప్పేదీ అదే ఎండ, గదిలోకి రానిదీ అదే ఎండ. టౌన్‌షిప్‌లో ఎంత కరెంటున్నా వాళ్ళ నెత్తిన స్లాబు కాగుతూనే ఉంది. పైగా పలకలు చీరల కింద ఉన్నప్పుడు కూడా ఆ గది చల్లగానే ఉంది. ఆవిడ విసురుకుంది చెమట పట్టి కాదు, నన్ను అవమానించడానికి. ఇది నాకు తర్వాత అర్థమై మళ్ళీ కొత్తగా కోపం వచ్చింది.

కారెక్కబోతూ ఆవిడ, "సరేనండీ, మీ ముచ్చట మేమెందుకు కాదనాలి. పంపిస్తాం," అంది.

నేను కారు తలుపు పట్టుకున్నాను. "వదినగారూ, ఆ మాట నలుగురిలో అన్నారు. ఈ మాట కూడా నలుగురిలో అనండి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. మా ఆయన ఆకాశంలోకి చూశారు. నా కూతురు గాజులు సర్దుకుంది, కానీ ఈసారి తల వంచుకోలేదు.

అన్నది. అన్నదని నేను ఒప్పుకోవాలి. ఆ శుక్రవారం టౌన్‌షిప్‌లో ఒకరింట్లో పేరంటానికి నేను పనిగట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. వియ్యపురాలు పసుపు రాయించుకుంటూ, ఎవరూ అడగకుండానే, "పురుడు వాళ్ళ పుట్టింట్లోనేనండీ. మన క్వార్టర్ల కంటే అక్కడ చల్లగా ఉంటుంది. కరెంటు పోవడమన్నదే లేదు," అంది. అంత స్పష్టంగా అంటుందని నేను అనుకోలేదు. పాపం అన్నావిడ నా వైపు జరిగి, "ఎక్కడ కొన్నారండీ, మేమూ రిటైరయ్యాక బయటే కట్టుకోవాలి" అని అడిగింది. గీదం చిరునామా ఇచ్చాను. ఇడ్లీ పాత్ర సంగతి కూడా అడిగాను. వెతుకుతానంది.

మనవరాలు మే ఎండల్లోనే పుట్టింది. ఆసుపత్రి నుంచి నేరుగా మధ్య గదికి తీసుకొచ్చాం. వేడినీళ్ళు కాచాను, కారప్పొడి అన్నం పెట్టాను, బిడ్డ ఏడ్చినప్పుడు నా కూతుర్ని లేపకుండా ఎత్తుకుని తిరిగాను. వీధంతా చీకటైన వేళల్లో కూడా మా మధ్య గదిలో లైటు వెలిగింది, ఉయ్యాల మీద ఫ్యాను తిరిగింది. పిల్ల ఒంటి మీద ఒక్క చెమటకాయ లేవలేదు. వచ్చినవాళ్ళందరికీ గుడ్డ తీసి వీపు చూపించాను. చూడనక్కర్లేదన్నవాళ్ళకి కూడా చూపించాను. పక్కింటామె రోజూ పొద్దున పలకలు తుడిచి వెళ్ళేది. డాబాలో మిగతా సగం ఆమెదే అని చెప్పాను. పలకల మీద కాకి వాలినా చీపురు పట్టుకుని పరిగెత్తేది.

మనవరాల్ని చూడ్డానికని వియ్యపురాలు రోజు విడిచి రోజు మధ్యాహ్నం వచ్చేది. పిల్ల నిద్రపోయేది. ఆవిడా నిద్రపోయేది. మొదటి రోజు నా దిండు ఇస్తే రాయిలా ఉందంది. అది కూడా గుర్తుపెట్టుకున్నాను. తర్వాత వచ్చినప్పుడు తన దిండు తనే తెచ్చుకుంది. అయిదో నెలలో తల్లినీ పిల్లనీ సారెతో పంపించినప్పుడు దిండు మా మంచం మీదే ఉండిపోయింది. కారులో పెట్టబోతే, "ఉండనివ్వండి వదినగారూ, వస్తూనే ఉంటాను కదా," అంది. ఇప్పటికీ వస్తోంది.

విసనకర్ర మాత్రం ఆవిడ ఆ మొదటి రోజునే మంచం మీద మరిచిపోయింది. నేను తిరిగి ఇవ్వలేదు. మధ్య గదిలో, దిండు మీద తల పెట్టుకుంటే సరిగ్గా కళ్ళకి ఎదురుగా వచ్చే చోట, గోడకి మేకు కొట్టించి తగిలించాను. ఆవిడ దాన్ని చూస్తుంది. అడగదు. నేనూ ఆ ఊసు ఎత్తను. ఫ్యాను గాలికి అది మేకు మీద అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, ఆవిడ కళ్ళు మూతపడేదాకా.